తాళవాద్యాలపై పాట నేర్చుకోవడం, కంఠస్థం చేయడం

ఒక పాట ఎక్కడ ఎత్తుకుంటుందో, ఏ నడకలో సాగుతుందో, ఎక్కడ మలుపు తిరిగి ఎలా ముగుస్తుందో తెలుసుకొని, కాగితం చూడకుండా దానికి వాయించగలగడాన్నే తాళవాద్యాలపై పాట నేర్చుకోవడం అంటారు. మృదంగం, తబలా, డప్పు, డోలు, పాశ్చాత్య డ్రమ్ సెట్ వంటి వాద్యాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. రాగం పలికే వాద్యాలకూ వీటికీ ఈ విషయంలో ముఖ్యమైన తేడా ఉంది. వీణపై కృతిని వాయించేవారి వేళ్లకు ఆ పాట స్వరాలే దారి చూపుతాయి. డ్రమ్ముపై పాట స్వరాలు ఉండవు. కాబట్టి వాద్యకారుడు పాటను ఒకవైపు మనసులో పాడుకుంటూనే, మరోవైపు దానికి తగిన దెబ్బలను చేతులతో పలికించాలి. ఈ రెంటినీ కలిపి పట్టుకోవడానికి వేర్వేరు దేశాల సంప్రదాయాలు వేర్వేరు పద్ధతులు ఏర్పరచుకున్నాయి. వాటిలో విస్తృతంగా కనిపించేది దెబ్బలను ముందుగా నోటితో పలకడం.

నోటి పాఠం

కర్ణాటక సంగీతంలో మృదంగం దెబ్బలకు పేర్లుగా వాడే అక్షరాలను సొల్లులు అనీ, వాటి కూర్పును సొల్లుకట్టు అనీ అంటారు. మృదంగ శిక్షణ 'త ధి తొం నం' అనే నాలుగు సొల్లులతో మొదలవుతుంది. వీటిని ఒక చేత్తో తాళం వేస్తూ మూడు కాలాల్లో నోటితో చెప్పాక, అదే పాఠాన్ని వాద్యంపై వాయిస్తారు. రెండో కాలంలో వేగం మొదటిదానికి రెట్టింపు, మూడో కాలంలో నాలుగింతలు అవుతుంది. తాళం వేగం మాత్రం మారదు. స్థిరమైన తాళం మీద మారే వేగాలను నిలపడం శిష్యుడికి ఇక్కడే అలవడుతుంది.

సొల్లులను ఐదు జాతులుగా కూర్చడం ఈ పద్ధతికి వెన్నెముక. తిస్రానికి 'తకిట' (3), చతురస్రానికి 'తకధిమి' (4), ఖండానికి 'తకతకిట' (5), మిశ్రానికి 'తకిటతకధిమి' (7), సంకీర్ణానికి 'తకధిమితకతకిట' (9) అని చెబుతారు. అంకెలు లెక్కించే పని లేకుండా ఆ మాటే లెక్కను మోస్తుంది. ఏడు అక్షరాల వ్యవధి కావాలంటే వాద్యకారుడు ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టడు, 'తకిటతకధిమి' అనుకుంటాడు. ఈ పలుకుబడి కొన్నక్కోల్ అనే పేరుతో కచేరీలో ప్రత్యేక కళగా కూడా నిలిచింది.

హిందుస్తానీ తబలాలో ఈ అక్షరాలను బోల్ అంటారు. ప్రతి తాళానికీ ఠేకా అనే స్థిరమైన బోల్ వరుస ఉంటుంది. 16 మాత్రల తీన్‌తాల్‌లో 'ధా ధిన్ ధిన్ ధా' అనే వరుస రెండుసార్లు వచ్చాక, మూడో భాగంలో 'ధా తిన్ తిన్ తా' అని మారుతుంది. 9వ మాత్రను ఖాళీ అంటారు. అక్కడ తాళం వేసే చెయ్యి చప్పట కొట్టకుండా పక్కకు కదులుతుంది. ఆ తర్వాతి బోల్‌లో ఎడమచేతి డగ్గా గుమికి (లోతైన నాదం) తగ్గడంతో, తాళంలో ఎక్కడున్నామో గాయకుడికి చెవితోనే తెలుస్తుంది. కాయిదా అనే రచనలో ఒక చిన్న బోల్ వాక్యాన్ని తీసుకొని, అందులోని బోల్‌లనే అటూ ఇటూ మార్చి పెంచుకుంటూ పోతారు. మూలవాక్యం నోటికి వస్తే విస్తారాన్ని అప్పటికప్పుడు కట్టుకోవచ్చు. వాయించబోయే రచనను ముందుగా తాళం వేస్తూ సభకు వినిపించడాన్ని పఢంత్ అంటారు. హైదరాబాద్ ఆకాశవాణిలో పనిచేసిన ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ వంటివారి ద్వారా ఈ విద్య తెలుగు ప్రాంతంలోనూ పాతుకుంది.

జపాన్‌లో తైకో డోళ్లను 'కుచి షోగా' అనే నోటి పాఠంతో నేర్పుతారు. పెద్ద దెబ్బను 'దోన్' అనీ, రెండు త్వరిత దెబ్బలను 'దోకో' అనీ, అంచుపై కొట్టే దెబ్బను 'కా' అనీ పలుకుతారు. పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా జాతివారి దుందున్ డోలు మరో అడుగు ముందుకు వేస్తుంది. యోరుబా భాషలో మాట అర్థం స్వరస్థాయిని బట్టి మారుతుంది. వాద్యకారుడు డోలు తాళ్లను నొక్కుతూ వదులుతూ ఆ స్థాయీభేదాలను పలికిస్తాడు. అతడు కంఠస్థం చేసేవాటిలో స్తుతి పద్యాలు ప్రధానమైనవి. దెబ్బల వరుస ఆ మాటల నుంచే పుడుతుంది.

కృతికి మృదంగం

మృదంగ విద్యార్థి కొన్నేళ్లపాటు పాఠాలు, జతులు సాధన చేశాక పాటకు వాయించడం మొదలుపెడతాడు. ఒక కృతిని నేర్చుకోవడమంటే అతడు మొదట తెలుసుకోవలసినవి నాలుగు: తాళం, కాలప్రమాణం, ఎత్తుగడ, నిర్మాణం.

ఆదితాళంలో ఒక ఆవర్తానికి 8 అక్షరాలు (4+2+2). మిశ్రచాపుకు 7, ఖండచాపుకు 5. భైరవి రాగంలో పచ్చిమిరియం ఆదియప్పయ్య కూర్చిన 'విరిబోణి' వర్ణం అటతాళంలో ఉంది, దాని ఆవర్తం 14 అక్షరాలు. తాళం ఒకటే అయినంత మాత్రాన పాటలన్నీ ఒకేలా నడవవు. త్యాగరాజు పంచరత్న కృతులు ఐదూ ఆదితాళంలోనే ఉన్నా, వాటి పదాల ఒరవడి, విరామాలు వేటికవే. అందువల్ల 'ఆదితాళం తెలుసు' అనుకొని కూర్చుంటే సరిపోదు. ఆ కృతి సాహిత్యం ఎక్కడ ఆగి ఎక్కడ సాగుతుందో చెవిలో ఉండాలి.

ఎత్తుగడ అంటే తాళంలో పాట మొదలయ్యే చోటు. కొన్ని కృతులు సమంలోనే, అంటే ఆవర్తం మొదటి అక్షరంలోనే మొదలవుతాయి, కొన్ని సమం దాటిన అర అక్షరానికి, మరికొన్ని ఇంకా తర్వాత ఎత్తుకుంటాయి. ముగింపు జతులైన ముక్తాయింపులన్నీ ఈ చోటును గురిచూసే వాయించాలి. ఒక ఉదాహరణ: ఆదితాళంలో అక్షరానికి 4 మాత్రల చొప్పున ఆవర్తానికి 32 మాత్రలు. 'తదిగిణతొం' అనే 5 మాత్రల జతిని మూడుసార్లు వాయిస్తే 15 మాత్రలు. పాట సమంలో ఎత్తుకునేదైతే, ఈ ముక్తాయింపు 17 మాత్రలు గడిచాక మొదలుపెట్టాలి. పాట సమం దాటి అర అక్షరానికి, అంటే 2 మాత్రలకు ఎత్తుకునేదైతే, అదే ముక్తాయింపు 19 మాత్రల తర్వాత మొదలవ్వాలి. జతి మారలేదు, చెయ్యి మారలేదు, పాట మాత్రమే మారింది. పాట తెలియనివాడు జతిని ఎంత స్పష్టంగా వాయించినా ముగింపు తప్పుచోట పడుతుంది.

నిర్మాణం విషయంలో పల్లవి, అనుపల్లవి, చరణం అనే మూడు భాగాలనూ, ప్రతి పంక్తికీ వచ్చే సంగతులనూ గుర్తుంచుకోవాలి. మొదటి సంగతికి తేలికగా వాయించి, సంగతులు పెరిగే కొద్దీ నిండుదనం పెంచి, పల్లవి నుంచి అనుపల్లవికి మారే చోట చిన్న ముక్తాయింపుతో ద్వారం తెరవడం సాధారణ మర్యాద. ప్రతి దెబ్బనూ ముందుగా నిర్ణయించి కంఠస్థం చేసే ఆచారం ఇందులో లేదు. స్థిరంగా ఉండేది కృతి, దాని మీద పలికేది ఆ పూట పుట్టిన మాట. అందుకే గురువులు మృదంగ శిష్యులను కూడా వర్ణాలు, కృతులు పాడమంటారు. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) కీర్తి తని ఆవర్తనాలకు (మృదంగం ఒంటరిగా మోగే భాగాలకు) ఎంత ఉందో, పాటను అంటిపెట్టుకొని సాగిన ఆయన పక్కవాద్యానికీ అంతే ఉంది.

త్యాగరాజు కృతులు అధికభాగం తెలుగులో ఉండటం తెలుగు వాద్యకారులకు సహజంగా కలిసివచ్చిన సౌకర్యం. మాట అర్థం తెలిస్తే పదం విరుపు తెలుస్తుంది, విరుపు తెలిస్తే దెబ్బ ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది.

తని ఆవర్తనంలో మాత్రం కంఠస్థపు పాలు ఎక్కువ. మోహరా, కోర్వై వంటి రచనలను లెక్కకట్టి, నోటితో వల్లించి సిద్ధం చేసుకుంటారు. చతురస్రంలో నేర్చిన కోర్వైని తిస్ర నడకలోకి మార్చి వాయించడం ఒక పరీక్ష. చేతివాటంగా మాత్రమే నేర్చినవాడు ఇక్కడ తడబడతాడు, లెక్క తెలిసినవాడు నిలబడతాడు.

నాట్యం, జానపద వాద్యాలు

కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం చేసేవారు తాళాలు మోగిస్తూ జతులు చెబుతారు. అదే జతిని నర్తకి పాదాలతో, మృదంగకారుడు చేతులతో పలికిస్తారు. ఇక్కడ స్వేచ్ఛ తక్కువ. జతిలో ఒక అక్షరం తప్పినా అడుగు తేడా కనిపిస్తుంది కాబట్టి, నాట్యానికి వాయించేవారు జతులను అక్షరం పొల్లుపోకుండా నేర్చుకోవాలి.

డప్పు విద్యకు రాతపూర్వకమైన పాఠం లేదు. డప్పు దెబ్బను నోటితో 'డండనక' అనడం తెలుగువారందరికీ తెలిసిందే. నేర్చుకునేవారు ఒక చేత సిర్ర, మరో చేత చిటికెన పుల్ల పట్టుకొని, దళంలో పెద్దల పక్కన నిలబడి దరువులు పట్టుకుంటారు. పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒకటి, చావుకు మరొకటి. సందర్భమే దరువును గుర్తుచేస్తుంది. అడుగుతో పాటు దెబ్బ నేర్చుకోవడం వల్ల శరీరమంతా జ్ఞాపకంలో పాలుపంచుకుంటుంది. బుర్రకథలో వంతలు గుమ్మెటలు వాయిస్తూనే కథకుడికి వంత పలుకుతారు. అక్కడ దరువు కథ మలుపులతో ముడిపడి ఉంటుంది. ఒగ్గుకథలో డోలు పాత్ర కూడా ఇటువంటిదే.

డ్రమ్ సెట్

ఒకే మనిషి రెండు చేతులు, రెండు కాళ్లతో బాస్ డ్రమ్, స్నేర్, టామ్‌లు, హైహ్యాట్, సింబల్స్ వాయించే డ్రమ్ సెట్ అమెరికాలో 20వ శతాబ్ది ఆరంభంలో రూపుదిద్దుకుంది. బాస్ డ్రమ్‌ను కాలితో వేగంగా కొట్టే పెడల్ దానికి ఆధారం. అటువంటి పెడల్ తయారీతోనే లుడ్విగ్ సోదరుల సంస్థ 1909లో మొదలైంది.

ఇక్కడి ప్రాథమిక పాఠాలను రుడిమెంట్స్ అంటారు. ఇవి సైనిక డ్రమ్ముల సంప్రదాయం నుంచి వచ్చాయి. అమెరికాలో 1933లో ఏర్పడిన రుడిమెంటల్ డ్రమ్మర్ల జాతీయ సంఘం 13 రుడిమెంట్లను తప్పనిసరి అని నిర్ణయించింది. తర్వాత ఆ సంఖ్య 26కు చేరింది. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో 40 రుడిమెంట్ల పట్టికను ఆమోదించింది. 'పారడిడిల్' అనే పేరు కుడి-ఎడమ-కుడి-కుడి అనే చేతి వరుసను వినిపించేలా పలుకుతుంది. సొల్లులాగే ఇది కూడా దెబ్బను గుర్తుచేసే మాట. కాలాన్ని విడదీయడానికి 'వన్-ఈ-అండ్-ఆ' అని లెక్కపెట్టడం మరో నోటి సాధనం. జార్జ్ లారెన్స్ స్టోన్ 'స్టిక్ కంట్రోల్' (1935), టెడ్ రీడ్ 'సింకోపేషన్' (1958) నేటికీ వాడుకలో ఉన్న అభ్యాస గ్రంథాలు. గ్యారీ చెస్టర్ 'ది న్యూ బ్రీడ్' (1985) ఒక అవయవం వాయించే వరుసను నోటితో పాడుతూ మిగతావాటిని వాయించమంటుంది.

పాట నేర్చుకునే పద్ధతి సాధారణంగా ఇలా సాగుతుంది. మొదట కర్రలు ముట్టకుండా పాటను చాలాసార్లు వినాలి. ఒకసారి గాత్రాన్ని, మరోసారి బాస్ గిటార్‌ను, ఆ తర్వాతే డ్రమ్స్‌ను పట్టించుకుంటూ వినడం మేలు. రెండో మెట్టు పాటను భాగాలుగా విడదీసి ఒక్క పుటలో రాసుకోవడం: ఇంట్రో 4 బార్లు, వర్స్ 16, కోరస్ 8, మళ్లీ వర్స్, బ్రిడ్జ్, చివరి కోరస్, ముగింపు. ప్రతి భాగం పక్కన అందులో వచ్చే గ్రూవ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే లయ వరుసను) ఒక్కసారి రాస్తే చాలు. భాగం నుంచి భాగానికి దాటించే ఫిల్స్‌నూ, బృందమంతా ఒక్కసారిగా ఆగే చోట్లనూ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే పొరపాట్లు గ్రూవ్ మధ్యలో కంటే ఈ అతుకుల దగ్గరే ఎక్కువగా జరుగుతాయి. మూడో మెట్టు ఆ అతుకులను విడిగా, నెమ్మదిగా సాధన చేయడం. నాలుగోది కాగితం పక్కన పెట్టి, పాటను మనసులో పాడుకుంటూ, రికార్డు సాయం లేకుండా మొదటి నుంచి చివరి దాకా వాయించడం.

జాజ్ వాద్యకారులకు ఈ నాలుగో మెట్టు మరీ ముఖ్యం. చాలా జాజ్ పాటలు 8 బార్ల భాగాలు నాలుగుగా 32 బార్ల చట్రంలో, లేదా 12 బార్ల బ్లూస్ చట్రంలో ఉంటాయి. సోలో వాయించేటప్పుడు డ్రమ్మర్ పాట వరుసను లోపల పాడుకుంటూ ఆ చట్రాన్ని నిలుపుకుంటాడు. జాజ్ డ్రమ్మర్ బడ్డీ రిచ్‌కు సంగీత లిపి చదవడం వచ్చేది కాదు. కొత్త రచన వచ్చినప్పుడు రిహార్సల్‌లో మరో డ్రమ్మర్ చేత వాయింపజేసి, విని, తర్వాత తానే వాయించేవాడు.

జ్ఞాపకం చేతుల్లో కాక పాటలో ఉంటుందనడానికి రిక్ అలెన్ ఉదంతం బలమైన సాక్ష్యం. బ్రిటిష్ రాక్ బృందం డెఫ్ లెపర్డ్ డ్రమ్మరైన అతడు 1984 డిసెంబర్ 31న జరిగిన కారు ప్రమాదంలో ఎడమ చేయి కోల్పోయాడు. ఆ చేయి చేసే పనిని ఎడమ కాలికి అప్పగించేలా ఎలక్ట్రానిక్ పెడళ్లు అమర్చుకొని, తెలిసిన పాటలనే కొత్త అవయవంతో మళ్లీ నేర్చుకున్నాడు. 1986లో డోనింగ్టన్‌లో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో బృందంతో కలిసి వాయించాడు.

తెలుగు రాష్ట్రాల్లో చర్చి బృందాలు, కళాశాల బ్యాండ్లు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు డ్రమ్ సెట్‌కు ప్రధాన వేదికలు. రోలాండ్ సంస్థ 1985లో తెచ్చిన ఆక్టోప్యాడ్ రకం వాద్యాలు ఆర్కెస్ట్రాల్లో విరివిగా కనిపిస్తాయి. ప్యాడ్లు వాయించేవారికి పాట నడకతో పాటు ఏ పాటకు ఏ ధ్వనుల అమరిక ఎంచుకోవాలో, పాట మధ్యలో దాన్ని ఎక్కడ మార్చాలో కూడా జ్ఞాపకం ఉండాలి. పెళ్లి ఆర్కెస్ట్రాలో గాయకుడు చరణం దాటవేయవచ్చు, శ్రోతలు కోరితే పల్లవిని పొడిగించవచ్చు. పాట నిర్మాణం తెలిసినవాడే ఆ మార్పుకు సర్దుకోగలడు.

లిపి పాత్ర

కర్ణాటక పాఠ్యగ్రంథాల్లో సొల్లులను తాళం గుర్తుల మధ్య రాసి, కామాతో ఒక మాత్ర, సెమికోలన్‌తో రెండు మాత్రల విరామం సూచిస్తారు. డ్రమ్ సెట్‌కు ఐదు గీతల పాశ్చాత్య లిపినే వాడతారు. అందులో గీతల ఎత్తు స్వరాన్ని కాక వాద్యభాగాన్ని తెలుపుతుంది: బాస్ డ్రమ్ అడుగున, స్నేర్ మధ్యలో, హైహ్యాట్ పైన గుణకారపు గుర్తుతో ఉంటాయి. రికార్డింగ్ గదుల్లో, నాటక ప్రదర్శనల్లో కొత్త పాటను అప్పటికప్పుడు వాయించాలంటే లిపి తప్పనిసరి. లిపి లెక్కను చూపగలదు, కానీ గుమికిలోని మోత, స్వింగ్‌లోని సాగు వంటివి గురువు నుంచో, వినికిడి నుంచో రావలసిందే.

జ్ఞాపకశక్తిపై శాస్త్ర పరిశోధనలు

అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో మనిషి ఒక్కసారి మనసులో నిలుపుకోగల అంశాలు సుమారు ఏడనీ, వాటిని గుంపులుగా కూర్చుకుంటే ఇంకా ఎక్కువ సమాచారం పడుతుందనీ వివరించాడు. 'తకధిమి' నాలుగు దెబ్బలు, కానీ మనసుకు ఒకే గుంపు. నాలుగు నిమిషాల పాటలో వందల దెబ్బలున్నా, భాగాలు చూస్తే ఏడెనిమిది మించవు.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరిశోధన, నేర్చిన వెంటనే మరపు వేగంగా ఉంటుందనీ, అభ్యాసాన్ని రోజుల మీద విస్తరిస్తే అది బాగా నిలుస్తుందనీ చూపింది. పరిశోధకులు రోడిగర్, కార్పిక్ 2006లో చేసిన ప్రయోగాలు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తుచేసుకోవడం దీర్ఘకాలిక జ్ఞాపకానికి మేలని తేల్చాయి. డ్రమ్మర్‌కు దీని అర్థం స్పష్టం: రికార్డుతో పాటు ఎన్నిసార్లు వాయించినా, అది ఆపి వాయించినప్పుడే పాట ఎంత వచ్చిందో తెలుస్తుంది. పరిశోధకుడు మాథ్యూ వాకర్ బృందం 2002లో వేళ్లతో కొట్టే వరుసపై చేసిన అధ్యయనంలో, నిద్ర తర్వాత వేగం సుమారు 20 శాతం మెరుగైంది. లయను వినేటప్పుడు శరీరం కదలకపోయినా మెదడులో కదలికలను నడిపే భాగాలు చైతన్యవంతమవుతాయని ఇమేజింగ్ అధ్యయనాలు చెబుతున్నాయి. వినడం కూడా సాధనే అన్న గురువుల మాటకు ఇది బలం.

వినికిడి ఒక్కటే దారి కూడా కాదు. చిన్న వయసులోనే వినికిడి చాలావరకు కోల్పోయిన స్కాట్లండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీ, కంపనాలను శరీరంతో గ్రహిస్తూ, తరచూ పాదరక్షలు లేకుండా వాయిస్తూ ప్రపంచ ఖ్యాతి పొందారు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది, పాటను ఎప్పుడూ మొదటి నుంచే సాధన చేయడం. దీనివల్ల ఆరంభం గట్టిపడి చివరి భాగాలు బలహీనంగా మిగులుతాయి, మధ్యలో తప్పితే అందుకోవడానికి చోటు దొరకదు. ఏ భాగం నుంచైనా మొదలుపెట్టగలగడం దీనికి విరుగుడు. రెండోది, పట్టు చిక్కకముందే వేగం పెంచడం. మూడోది, గాయకుడి మాటను వినకుండా చేతిలెక్క మీదే ఆధారపడటం. నాలుగోది, మెట్రోనోమ్ లేదా క్లిక్ ట్రాక్ లేనిదే వాయించలేని స్థితికి చేరడం. క్లిక్‌ను కొన్ని బార్లు మోగనిచ్చి, కొన్ని బార్లు ఆపి వాయిస్తే లోపలి లయ బలపడుతుంది.

నేటి స్థితి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో మృదంగం పాఠ్యాంశంగా ఉంది. వీటిలో 1919లో విజయనగరంలో స్థాపితమైన సంగీత కళాశాల పాతది. విజయవాడకు చెందిన మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతికి 2021లో పద్మశ్రీ లభించింది. విదేశాల్లోని తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది వీడియో ద్వారా మృదంగ పాఠాలు నేర్చుకుంటున్నారు. దూరం వల్ల ధ్వని ఆలస్యంగా అందడంతో గురుశిష్యులు కలిసి వాయించడం ఈ పద్ధతిలో కుదరదు. గురువు వాయించి ఆపుతాడు, శిష్యుడు వల్లించి వాయిస్తాడు. వేగాన్ని తగ్గించి వినిపించే యాప్‌లు, పాటలోంచి డ్రమ్స్‌ను మాత్రమే వేరుచేసే సాఫ్ట్‌వేర్‌లు వినే పనిని సులువు చేశాయి. గుర్తుంచుకునే పనిని అవి తగ్గించలేదు. ఏ వాద్యానికైనా పరీక్ష ఒకటే: రికార్డు ఆపి, కాగితం మూసి, చేత్తో తాళం వేస్తూ పాటను మొదటి నుంచి చివరిదాకా నోటితో చెప్పగలగాలి. అలా చెప్పలేని పాట చేతికి వచ్చినట్టు అనిపించినా ఇంకా రానట్టే.